తోటల్లో ఆకు తినే పురుగులకు బీటీ: ప్యాకెట్టు కొన్న దగ్గర్నుంచి పురుగు నల్లబడేదాకా

గుంటూరులో ఏ విత్తనాల కొట్టుకెళ్లి బీటీ అన్నా ముందు పత్తి ప్యాకెట్టే బల్లమీద పడుతుంది. 2002లో బీటీ పత్తి సాగుకు అనుమతి వచ్చింది మొదలు ఆ రెండక్షరాలు పత్తికే అతుక్కుపోయాయి. ఇక్కడ మాట్లాడుకునేది ఆ విత్తనం సంగతి కాదు. ఏ సూక్ష్మజీవి జన్యువును తెచ్చి పత్తి మొక్కలో పెట్టారో ఆ సూక్ష్మజీవినే, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్‌నే, నీళ్లలో కలిపి ఆకులమీద కొట్టే పని గురించి. తెనాలి చుట్టుపక్కల నిమ్మ, కొల్లిపర లంకల్లో అరటి, నూజివీడు, హనుమాన్ జంక్షన్ వైపు ఆయిల్‌పామ్, కైకలూరు దారిలో చేపల చెరువు గట్లమీద కొబ్బరి. ఈ నాలుగు తోటల్నీ కళ్లముందు పెట్టుకుని రాస్తున్నాం.

ముందు ఒక్క మాట పట్టుకోండి. బీటీ పురుగు ఒంటిమీద పడి చంపే మందు కాదు, పురుగు కంచంలో పెట్టే మందు. పురుగు దాన్ని తినాలి. తినకపోతే ట్యాంకులో పోసింది మంచినీళ్లతో సమానం. ఏ పురుగుకు కొట్టాలి, ఏ వయసులో కొట్టాలి, ఏ వేళకు కొట్టాలి, దేంతో కలపకూడదు అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ ఒక్క మాటలోంచే వస్తుంది.

లోపల జరిగేదేమిటి

ఈ బాక్టీరియా బీజం కట్టేటప్పుడు దాని పక్కనే వజ్రం ఆకారంలో ఒక ప్రొటీన్ స్ఫటికం తయారవుతుంది. విషమంతా ఆ స్ఫటికంలోనే ఉంటుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, కాబట్టి అక్కడ దాని ఆటలు సాగవు. ఆకు తినే పురుగు పేగులో మాత్రం పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత, 9 దాటి ఉంటుంది, దాదాపు సున్నపు తేట మాదిరి. ఆ క్షారంలో స్ఫటికం కరుగుతుంది. పేగులోని ఎంజైములు దాన్ని కత్తిరించి పదును పెడతాయి. అది పేగు గోడకు అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. కొన్ని గంటల్లో పేగు పడకేస్తుంది, పురుగు నోరు కట్టుబడుతుంది. చావడానికి మాత్రం 2 నుంచి 5 రోజులు పడుతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత డబ్బు మిగిలేది ఇక్కడే.

1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త దీన్ని మొదట పట్టింది చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో. పదేళ్ల తర్వాత జర్మనీలో బెర్లినర్ పిండి పురుగుల్లో చూసి, ఆ తురింజియా ప్రాంతం పేరే పెట్టాడు. 1938లో ఫ్రాన్స్‌లో మందుగా అమ్మకానికి వచ్చింది. పట్టుపురుగును చంపేదిగా దొరికిన సూక్ష్మజీవి అని మరిచిపోవద్దు, ఆ సంగతికి చివర్లో మళ్లీ వస్తాం.

ఏ పురుగుకు పనికొస్తుంది, దేనికి దండగ

రెక్కలొచ్చాక సీతాకోకచిలుకో రెక్కల పురుగో అయ్యే గొంగళి జాతి పురుగులకే కుర్‌స్టాకి అనే రకం బీటీ పనిచేస్తుంది. అదీ ఆకుమీద బయట కూర్చుని తినేవాటికి.

నిమ్మలో సీతాకోకచిలుక పురుగు దీనికి అచ్చంగా సరిపోతుంది. లేత చిగురుమీద ఆవగింజంత పసుపుపచ్చ గుడ్డు ఒక్కొక్కటిగా పెడుతుంది. పొదిగి వచ్చిన పిల్ల పురుగు నల్లగా, మధ్యలో తెల్లటి మచ్చతో, అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. ఆకుమీద రెట్ట పడిందనుకుని దాటిపోయేది దీన్నే. పెద్దదై ఆకుపచ్చగా మారాక వేలితో తాకితే తలవెనకనుంచి నారింజ రంగు చీలిన కొమ్ము చాచి ఘాటైన వాసన కొడుతుంది. అప్పటికి సగం కొమ్మ గోకేసి ఉంటుంది.

ఆయిల్‌పామ్‌లో సంచి పురుగు, ఆకును గూడు కట్టి గోకే పురుగు, తాకితే దద్దుర్లు తెచ్చే ముళ్ల పురుగులు దీనికి లొంగుతాయి. అరటిలో, ముఖ్యంగా కొత్తగా నాటిన పిలకల సుడి ఆకుల్లో, పొగాకు లద్దె పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు లొంగుతుంది. లద్దె పురుగు మిగతావాటికన్నా మొండిది. దానికి కుర్‌స్టాకి కన్నా ఐజవాయి అనే ఇంకో రకం బీటీ మెరుగు. దొరికితే అదే తీసుకోండి.

కొబ్బరిలో నల్లతల పురుగు, మనవైపు ఆకుతేలు అనేది, మధ్యరకం. మట్ట అడుగున పట్టుదారంతో, తన లద్దెతో, అంటే మలంతో, సొరంగం కట్టుకుని లోపల గోకుతుంది. దాన్ని బీటీతో అదుపు చేయవచ్చుగానీ బీటీ ఒక్కదానిమీదే భారం వేయకూడదు.

ఇక దండగ అయ్యే చోట్లు. కొబ్బరిలో కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు రెండూ పెంకు పురుగుల జాతి, వాటికి ఈ రకం బీటీ తాకదు. తెల్లదోమ, పిండినల్లి, ఎరియోఫిడ్ నల్లి రసం పీల్చేవి, ఆకు నమలవు, కాబట్టి తినే ప్రసక్తే లేదు. నిమ్మలో ఆకుముడత తెచ్చే పాము పొడ పురుగు గొంగళి జాతిదేగానీ ఆకు పొరల మధ్య సొరంగంలో తింటుంది. ఆకుపైన పడ్డ మందు దాని నోటికి చేరదు. బెరడు తొలిచే పురుగుదీ అదే కథ. ఈ జాబితా చూడకుండా కొని, పనిచేయలేదని బీటీని తిట్టేవాళ్లే ఎక్కువ.

కొనేటప్పుడు

ప్యాకెట్టు తిప్పి చదవండి. మొదట కనపడాల్సింది కుర్‌స్టాకి అన్న మాట, లేదా ఐజవాయి. ఇజ్రాయిలెన్సిస్ అని ఉంటే అది దోమపిల్లల మందు, పొలానికి పనికిరాదు. రెండోది శక్తి ఎంతో చెప్పే అంకె: మిల్లీగ్రాముకు 16,000 లేదా 32,000 అంతర్జాతీయ యూనిట్లు అన్నట్టు ఉంటుంది. రెండు ప్యాకెట్ల ధర పోల్చేటప్పుడు గ్రాముల్ని కాదు ఈ అంకెను పోల్చాలి. మూడోది కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు. నాలుగోది తయారీ తేదీ, గడువు తేదీ.

రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా, ఏ జీవి ఉందో రాయకుండా, ఆకుపచ్చ డబ్బామీద 'బయో' అని మాత్రం పెద్దక్షరాలతో ఉంటే దాన్ని కొనకండి. అలాంటి కొన్ని డబ్బాల్లో సూక్ష్మజీవి ఉండదు, రసాయన మందు కలిపి ఉంటుంది. పురుగు గంటలో రాలిపోతుంది, రైతు మెచ్చుకుంటాడు, తోటలో మిత్రపురుగులు తుడిచిపెట్టుకుపోతాయి.

మరో సంగతి, కొట్లో ఎక్కడ పెట్టారో చూడండి. మే నెలలో విజయవాడ ఎండలో రేకుల షెడ్డు కింద అట్టపెట్టెల్లో నెలల తరబడి మగ్గిన బీటీకి గడువు తేదీ ఇంకా ఏడాది ఉన్నా ప్రాణం ఉంటుందన్న భరోసా లేదు. చల్లటి, పొడి గదిలో ఉన్న సరుకు అడిగి తీసుకోండి. పొడి గడ్డలు కట్టి ఉంటే తేమ తగిలినట్టే.

సీసా పరీక్ష: ఖర్చు లేని లేబొరేటరీ

ఎకరాల లెక్కన కొట్టేముందు దీన్ని తప్పక చేయండి. మూడు రోజుల పని, పది నిమిషాల శ్రమ.

రెండు ఖాళీ పచ్చడి సీసాలు కడిగి ఆరబెట్టండి. అడుగున మడతపెట్టిన కాగితం ముక్క వేయండి, తేమ పీల్చడానికి. మందు కొట్టని చెట్టునుంచి లేతాకులు కోయండి. లీటరు నీళ్లలో 1 గ్రాము బీటీ కలపండి. గ్రాము తూచే త్రాసు లేకపోతే, బంగారం కొట్లో అడిగితే తూచి పొట్లం కట్టిస్తారు. సగం ఆకుల్ని ఆ నీళ్లలో పది సెకన్లు ముంచి, నీడలో అరగంట ఆరనివ్వండి. మిగతా సగాన్ని మంచినీళ్లలో ముంచి ఆరబెట్టండి. ఒక్కో సీసాలో అరంగుళం లోపు పురుగులు పదేసి వదలండి. మూతికి పాత పంచె గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఇంట్లో నీడపట్టున పెట్టండి.

మర్నాడు పొద్దున పురుగుల్ని కాదు, కాగితంమీద లద్దెను చూడండి. మంచినీళ్ల సీసాలో కాగితం నిండా నల్లటి గుళికలు ఉంటాయి, ఆకు అంచులు కొరికేసి ఉంటాయి. బీటీ సీసాలో నాలుగైదు గుళికలు, ఆకుమీద ఒకటి రెండు చిన్న గాట్లు. పురుగులు కదులుతూనే ఉంటాయి, కంగారు పడవద్దు. రెండో రోజుకు మందకొడిగా, మూడో రోజుకు మెత్తబడి, ఒళ్లు ముదురు గోధుమ రంగుకు తిరిగి నల్లబడతాయి.

రెండు సీసాల్లోనూ లద్దె సమానంగా ఉంటే ఆ ప్యాకెట్టులో ప్రాణం లేదు, లేదా ఆ పురుగుకు ఆ రకం సరిపోదు. రెండింటిలోనూ పురుగులు చస్తే, కోసుకొచ్చిన ఆకుమీద ముందే ఏదో మందు ఉంది, మళ్లీ చేయండి. బీటీ సీసాలో మాత్రం మూడు నాలుగు గంటల్లోనే వెల్లకిలా పడి గిలగిల కొట్టుకుంటే అందులో రసాయనం కలిసిందని అనుమానించాలి. బీటీ అంత తొందరగా చంపదు.

పురుగు వయసు చూడటం

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పురుగు ఒంటి బరువు పెరిగేకొద్దీ చావడానికి కావలసిన మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. గుడ్డు పగిలిన వారం లోపు, అంటే అరంగుళం దాటకముందు, కొడితేనే ఖర్చుకు తగ్గ ఫలితం.

నిమ్మలో చిగురు వేసే రోజుల్లో, ముఖ్యంగా తొలకరి తర్వాత వచ్చే చిగురులో, నాలుగైదు రోజులకోసారి పది చెట్లు చూడండి. చెట్టుకు నాలుగు దిక్కులా నాలుగు చిగుర్లు. గుడ్లు, రెట్టలాంటి పిల్ల పురుగులు లెక్కపెట్టండి. గుడ్లు ఎక్కువ, పురుగులు తక్కువ ఉంటే ఇంకో మూడు రోజులు ఆగండి. గుడ్డుమీద బీటీ పనిచేయదు. ఏడాది రెండేళ్ల మొక్కలమీద చెట్టుకొకటి రెండు కనపడితే ట్యాంకు ఎత్తక్కర్లేదు, కూలిమనిషి చేత ఏరించడమే చవక.

ఆయిల్‌పామ్ సంచి పురుగుకు ఒక బ్లేడు జేబులో వేసుకుని వెళ్లండి. ఎండుటాకు ముక్కలు అతికించుకున్న సంచులు ఆకుల అడుగున వేలాడుతుంటాయి. తోటలో వేర్వేరు చెట్లనుంచి పది సంచులు కోసి నిలువునా చీల్చండి. లోపల కాళ్లున్న చిన్న పురుగు, కదులుతూ తల బయటికి పెడుతున్నదైతే కొట్టొచ్చు. గట్టిపడ్డ గోధుమ రంగు ప్యూపా, అంటే రెక్కలొచ్చే ముందు ముడుచుకుని ఉండే దశ, ఉంటే అది తిండి మానేసింది, ఇప్పుడు కొడితే వృథా. రెక్కలూ కాళ్లూ లేకుండా ఉబ్బిన ఆడ పురుగు, ఒంటినిండా గుడ్లతో కనపడితే ఒక గంపెడు పిల్లలు రాబోతున్నాయని అర్థం. అప్పుడు రోజు విడిచి రోజు చూస్తూ, సెంటీమీటరులో మూడో వంతు ఉన్న కొత్త సంచులు ఆకుమీద కనపడగానే కొట్టాలి. ఈ పురుగు తరాలు ఒకేసారి ఈనుతాయి, కాబట్టి సమయం కుదిరితే ఒక్క దెబ్బకే సగం సమస్య తీరుతుంది. మలేసియాలో మట్టకు 10 పురుగులు దాటితే చర్య తీసుకోవాలని హద్దు పెట్టుకున్నారు. మనకూ అది పనికొచ్చే కొలతే.

కొబ్బరిలో కింది మట్టలు నిప్పు సోకినట్టు ఎండి కనపడితే ఒక మట్ట దింపి ఆకు తిరగేయండి. లద్దె, పట్టు కలిసిన సొరంగాన్ని గోరుతో చీల్చితే నల్లతల పురుగు వెనక్కి వెనక్కి పాకుతుంది. ఎక్కువ సొరంగాలు ఖాళీగానో ప్యూపాలతోనో ఉంటే ఆగండి. పూర్తిగా ఎండిన కింది మట్టలు రెండు మూడు కోసి కాల్చేయడం బీటీ కన్నా ముందు చేయాల్సిన పని.

నీళ్లు

మందు మంచిదైనా నీళ్లు చెడగొడతాయి. కొన్ని బోర్ల నీళ్ల పీహెచ్ 8 దాటుతుంది. పురుగు పేగులో కరగాల్సిన స్ఫటికం ట్యాంకులోనే చెదరడం మొదలవుతుంది. కాలువ నీళ్లు సాధారణంగా నయం, వడకట్టుకుంటే చాలు. కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోయేదాకా ఒక రాత్రి తొట్టిలో ఉంచండి.

పీహెచ్ కాగితాలు లేబొరేటరీ సామాన్ల కొట్లో దొరుకుతాయి, చేపల చెరువులవాళ్ల దగ్గర పరీక్ష కిట్టే ఉంటుంది. నీళ్లు 7.5 దాటితే నిమ్మ ఉప్పు వాడండి. లెక్క ముందే చెప్పలేం, ఒక్కో బోరు ఒక్కో రకం. పది లీటర్ల బకెట్టులో 1 గ్రాము నిమ్మ ఉప్పు వేసి కలిపి కాగితం ముంచండి. దిగకపోతే ఇంకో గ్రాము. 6.5కూ 7కూ మధ్య ఆగండి. బకెట్టుకు 2 గ్రాములు పడితే 200 లీటర్ల డ్రమ్ముకు 40 గ్రాములు. ముందు నీళ్లు సరిచేసి, ఆ తర్వాతే బీటీ వేయాలి.

మోతాదు, కలపడం

పొడి రకానికి ఎక్కువగా లీటరుకు 1 గ్రాము, పురుగు తీవ్రంగా ఉంటే 2 గ్రాములు. ఎకరాకు 400 నుంచి 500 గ్రాములు దాకా పడుతుంది. అయితే ప్యాకెట్టుమీద రాసిందే ఆఖరి మాట, ఎందుకంటే శక్తి అంకె మారితే మోతాదు మారుతుంది.

నీళ్లెంతో ముందే కొలుచుకోండి. ట్యాంకులో వట్టి నీళ్లు పోసి అయిదు చెట్లు ఆకు తడిసి బొట్టు జారబోయేదాకా కొట్టి, ఎన్ని లీటర్లు ఖర్చయ్యాయో చూడండి. నిమ్మ 6 మీటర్ల దూరంలో నాటితే ఎకరాకు 112 చెట్లు. చెట్టుకు 4 లీటర్లు పడితే 450 లీటర్లు. ఆయిల్‌పామ్ 9 మీటర్ల త్రికోణంలో ఎకరాకు 57 చెట్లు. చెట్టుకు 7 లీటర్లైతే 400 లీటర్లు. డ్రోనుతో కొట్టేవాళ్లు ఇక్కడ ఘోరంగా బోల్తా పడతారు. డ్రోను ఎకరాకు పది లీటర్లు కొడుతుంది. లీటరుకు గ్రాము లెక్కేస్తే ఎకరాకు పడేది 10 గ్రాములే. నీళ్లు తగ్గినా ఎకరాకు పడాల్సిన మందు తగ్గకూడదు.

కలిపే క్రమం ఇది:

1. స్ప్రేయరు, పైపు, గన్ను శుభ్రంగా కడగాలి. కిందటిసారి కొట్టింది రాగి మందైతే మూడుసార్లు.
2. డ్రమ్ములో సగం నీళ్లు పోసి పీహెచ్ సరిచేయాలి.
3. విడిగా బకెట్టులో రెండు మూడు లీటర్ల నీళ్లు తీసుకుని, కొలిచిన పొడిని కొంచెం కొంచెంగా చల్లుతూ కర్రతో కలపాలి. మజ్జిగలా పలచబడేదాకా. పొడిని నేరుగా డ్రమ్ములో గుమ్మరిస్తే ఉండలు కట్టి నాజిల్‌లో ఇరుక్కుంటుంది.
4. ఆ చిక్కటి నీళ్లు జల్లెడ గుండా డ్రమ్ములో పోసి, పీహెచ్ సరిచేసిన మిగతా నీళ్లు నింపాలి.
5. జిగురు మందు లీటరుకు అర మిల్లీలీటరు చివర్లో కలపాలి. ముందే వేస్తే నురగ పొంగుతుంది. నిమ్మ, కొబ్బరి ఆకులకు మైనపు పూత ఉంటుంది కాబట్టి ఇది మానొద్దు.

పురుగులకు జబ్బు తెచ్చే ఎన్‌పీవీ వైరస్ ద్రావణంలో బెల్లం, రాబిన్ బ్లూ కలపడం మన రైతులకు అలవాటే. బెల్లం రుచికి పురుగు నాలుగు కొరుకులు ఎక్కువ కొరుకుతుంది, నీలిమందు ఎండనుంచి కొంత కాపాడుతుంది. బీటీలోనూ బెల్లం లీటరుకు 5 గ్రాములు, కరిగించి వడగట్టి కలపవచ్చు. అంతకు మించితే ఆకుమీద మసి బూజు పడుతుంది, చీమలు ఎక్కుతాయి.

కలిపిన ద్రావణం ఆ పూటకే. రాత్రంతా ఉంచి మర్నాడు కొట్టేది పులిసిన నీళ్లే.

కొట్టే వేళ, కొట్టే తీరు

ఎండలోని అతినీలలోహిత కిరణాలు బీటీని ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు చంపేస్తాయి. పొద్దున ఎనిమిదికి కొడితే దాదాపు పది గంటల ఎండ తినేస్తుంది. సాయంత్రం కొడితే రాత్రంతా పురుగు తినే సమయం మీ చేతిలో ఉంటుంది. జూన్‌లో అయిదున్నరకు, డిసెంబరులో నాలుగున్నరకు మొదలెట్టి చీకటి పడేలోపు ముగించేలా ఎకరాల్ని పంచుకోండి. పెద్ద తోటైతే రెండు మూడు సాయంత్రాలు పెట్టుకోండి, పగలు మధ్యాహ్నం కొట్టడం కన్నా అదే మేలు. కొట్టాక కొన్ని గంటల్లో పెద్దవాన కురిస్తే మళ్లీ కొట్టాల్సిందే.

పురుగు ఎక్కడ తింటుందో అక్కడ పడాలి. నిమ్మకు చిగుర్లమీద. అరటి పిలకలకు సుడిలో, విచ్చుకున్న లేతాకుల రెండు వైపులా. కొబ్బరికి మట్ట అడుగున, కిందినుంచి పైకి గన్ను ఎత్తి. ఎత్తు చెట్లకు పవర్ స్ప్రేయరూ పొడవాటి గొట్టమూ లేకపోతే ఆ పని పెట్టుకోవద్దు. డ్రోను కొబ్బరి నల్లతల పురుగుకు పనికిరాదు, పైనుంచి పడ్డ మందు అడుగు సొరంగానికి చేరదు. ఆయిల్‌పామ్ సంచి పురుగు పిల్లలు ఆకు పైపొరను గోకుతాయి కాబట్టి అక్కడ పైనుంచి కొట్టినా ఫలితం ఉంటుంది. నాజిల్ హాలో కోన్ రకం, మరీ సన్న జల్లెడ వద్దు, పొడి పేరుకుంటుంది. ట్యాంకును మధ్యమధ్యలో ఊపుతుండాలి, లేకపోతే మొదటి చెట్లకు నీళ్లు, చివరి చెట్లకు బురద.

మాస్కు, కళ్లజోడు పెట్టుకోండి. మనిషికి విషం కాదుగానీ పొడి ముక్కులోకి పోతే తుమ్ములు, కళ్ల మంట తెస్తుంది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

దేంతో కలపకూడదు

నిమ్మ తోటలో పెద్ద గొడవ గజ్జి తెగులు. దానికి రాగి మందు, స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొడుతూ వచ్చారు. స్ట్రెప్టోసైక్లిన్ బాక్టీరియాను చంపే యాంటీబయోటిక్, బీటీ బాక్టీరియా. రెండూ ఒకే ట్యాంకులో వేసి కూలి ఆదా అయిందనుకోవడం చేజేతులా మందును చంపుకోవడం. గజ్జికి కొట్టాక కనీసం వారం ఎడం ఇవ్వండి. బోర్డో మిశ్రమం ఇంకా ఘోరం, అందులో రాగి ఉంది, సున్నమూ ఉంది.

వేపనూనె కలపొచ్చా అని అందరూ అడుగుతారు. వేప చేసే మొదటి పని పురుగుకు తిండిమీద వెగటు పుట్టించడం. తినకపోతే బీటీ లోపలికి పోయేదెలా? అందుకే ఒకే ట్యాంకులో వద్దు. బీటీ కొట్టిన వారానికి, మిగిలిన పురుగుకూ కొత్త గుడ్లకూ వేప కొట్టండి. యూరియా, సూక్ష్మపోషకాలు కూడా ఆ ట్యాంకులో వేయకపోతేనే మనశ్శాంతి.

తర్వాతి మూడు రోజులు

మర్నాడు పొద్దున చెట్టెక్కి చూస్తే పురుగు బతికే ఉంటుంది. ఇక్కడే 'మందు పనిచేయలేదు' అని ఘాటు మందు తెచ్చి కొట్టేస్తారు. రెండు మందుల డబ్బూ పోతుంది, ఏది చంపిందో తెలియదు. పురుగు బతికుందా అని కాదు, తింటోందా అని చూడండి. కొట్టేముందు రోజు సాయంత్రం చెట్టు కింద పాత తెల్ల పంచె పరిచి, మర్నాడు పొద్దున రాలిన లద్దె చూడండి. కొట్టిన రెండో రోజు మళ్లీ అదే చెట్టు కింద పరచండి. లద్దె పదో వంతుకు పడితే మందు పనిచేసింది. నాలుగో రోజుకు నల్లబడి మెత్తబడ్డ పురుగులు కనపడతాయి. తలకిందులుగా వేలాడుతూ, తాకితే చర్మం పగిలి తెల్లటి ద్రవం కారితే అది బీటీ పని కాదు, వైరస్ సోకినట్టు.

7 నుంచి 10 రోజులకు రెండోసారి కొట్టాలి, అప్పటికి మిగిలిన గుడ్లు పొదిగి ఉంటాయి. రెండుసార్లు సరిగా కొట్టాక కూడా లద్దె తగ్గకపోతే సీసా పరీక్షకు తిరిగి వెళ్లండి. మోతాదు పెంచుకుంటూ పోవద్దు, సగం మోతాదుతో పదేపదే కొట్టనూ వద్దు. క్యాబేజీ డైమండ్ బ్యాక్ పురుగు పొలంలోనే బీటీని తట్టుకోవడం నేర్చుకుంది. తోట పురుగులూ నేర్చుకోగలవు.

కొబ్బరిలో బీటీ కొట్టాక గోనియోజస్ అనే చిన్న కందిరీగ జాతి పరాన్నజీవుల్ని వదలడం మంచి జోడి. బీటీకి లొంగేవి పిల్ల పురుగులు, గోనియోజస్ వెతికేది పెద్ద పురుగుల్ని. కొట్టిన వారం పది రోజుల తర్వాత వదలండి, లేకపోతే అది గుడ్డు పెట్టిన పురుగే బీటీకి చచ్చి దాని ఒంటిమీది పిల్లలూ పోతాయి. ఈ పరాన్నజీవుల కోసం అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానాన్ని, మీ ఊరి రైతు సేవా కేంద్రాన్ని అడగండి.

పక్కవాళ్ల సంగతి

ఆయిల్‌పామ్‌లో గెల నిండాలంటే పుప్పొడి మోసే చిన్న ముక్కు పురుగు, ఎలైడోబియస్, బతకాలి. దాన్ని 1985లో మన దేశానికి తెచ్చి వదిలారు. సంచి పురుగు కోసం ఘాటు మందు కొడితే ఇదీ చచ్చి, నెలల తర్వాత గెలల్లో కాయలు కట్టవు. కుర్‌స్టాకి బీటీ పెంకు పురుగుల్ని తాకదు కాబట్టి ఆయిల్‌పామ్‌లో మేం దీన్నే ముందు పెడతాం. చెరువు గట్ల కొబ్బరికీ ఇదే కారణం. పైరెత్రాయిడ్ మందు నాలుగు చుక్కలు నీళ్లలో పడితే రొయ్య తేలుతుంది, బీటీతో ఆ గుబులు లేదు. అయినా ట్యాంకు చెరువులో కడగొద్దు.

మల్బరీ తోట దగ్గర్లో ఉంటే మాత్రం ఆగండి. గాలికి తుంపర వెళ్లి మల్బరీ ఆకుమీద పడితే, ఆ ఆకు మేసిన పట్టుపురుగులు గుంపుగా పోతాయి. 1901లో ఇషివాటా చూసింది అదే. పట్టు రైతుతో ముందే మాట్లాడి, గాలి అటు లేని రోజు చూసుకోండి. ఆ వారం ఆ పక్క వరసలు వదిలేయడం ఇంకా మేలు.

మిగిలిన ప్యాకెట్టును గాలి లేకుండా మడిచి, క్లిప్పు పెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి, మీద విప్పిన తేదీ రాయండి. మోటారు షెడ్డులో కాదు, ఇంట్లో చల్లటి గదిలో, పిల్లలకు అందని చోట. వచ్చే చిగురుకు వాడేముందు మళ్లీ రెండు పచ్చడి సీసాలు, ఇరవై పురుగులు.